చదవని పేర్లు

ఇదంతా ఇంతకు ముందే ఎందుకు రాయలేదని అడిగితే, నాకు రాయడం రాదు కనుక. వినయం కొద్దీ అంటున్న మాట కాదు. యాభై దగ్గర పడేదాకా నాకు అ ఆలు తెలియవు. గోడల మీద నా బొమ్మ వేసి పోస్టర్లు అంటించిన రోజుల్లో కూడా, ఆ బొమ్మ కింద రాసింది నా పేరో, హాలు పేరో పక్కవాళ్ల మాటలను బట్టి తెలుసుకునేదాన్ని. ఇప్పుడు రాస్తున్నాను. ఒక పేజీకి ఒక పూట పడుతుంది. ఒత్తులు తప్పితే, మా వీధిలో ఉండే రిటైరైన టీచరమ్మ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఇస్తుంది. నాకు అక్షరాలు నేర్పింది ఆమే. అయితే అక్షరాలు వచ్చాక కూడా చాలాకాలం ఈ సంగతి రాయలేదు. దానికి కారణం చదువు లేకపోవడం కాదు, సిగ్గు.

మొన్న ఎల్బీనగర్‌లో పిల్లలకు సంగీతం నేర్పే చోటు ఒకటి తెరుస్తూ నన్ను పిలిచారు. మైకు పట్టుకున్న అమ్మాయి నన్ను సభకు పరిచయం చేస్తూ, ఎప్పటిలాగే పాత వీడియో ముక్క ఒకటి తెర మీద వేసింది. "ఉద్యమం రోజుల్లో అమరుల పేర్లు చదవబోయి, దుఃఖంతో గొంతు పెగలక, ఆ దుఃఖాన్నంతా బేస్ గిటార్‌లో వినిపించిన మన సైదక్క" అన్నది. జనం చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించి తల ఊపాను. ఎన్నో ఏళ్లుగా అలాగే ఊపుతున్నాను. కాని ఆ రోజు ముందు వరసలో ఒక చిన్నపిల్ల తెర వంక కాక నా వంకే చూస్తూ కూర్చుంది. ఇంటికి పోవడానికి మెట్రో ఎక్కినదాన్ని, ఏ పనీ లేకుండానే చైతన్యపురిలో దిగిపోయాను.

ఆ రోడ్డు మీద నేను పదిహేనేళ్లకు పైగా బతికాను. ఒక్క బోర్డూ చదవకుండా బతికాను. పచ్చ గేటు మెస్సు, మూల మీది మందుల దుకాణం, మెట్లెక్కాల్సిన కోచింగు, ఇలా నాకు అన్నింటికీ నా గుర్తులు ఉండేవి. మొన్న నడుస్తూ ఒక్కొక్క బోర్డు కూడబలుక్కుని చదివాను. నేను చపాతీలు చేసిన హాస్టలుకు ఒక దేవుడి పేరు ఉందని, ఆ పేరు ఇప్పటికీ గేటు పైన ఉందని అప్పుడే తెలిసింది. అన్నేళ్లు ఆ పేరు కింద నుంచే నెత్తిన కూరగాయల గంప పెట్టుకుని లోపలికి పోయాను. దాని పక్కనే ఉన్న బిల్డింగు సెల్లార్‌లోకి తొంగి చూశాను. ఇప్పుడు అక్కడ బైకులు పెట్టుకుంటున్నారు. నా సంగీతమంతా అక్కడే మొదలైంది.

అప్పట్లో మా అమ్మ ఆ మెస్సులో వంటమనిషి. నల్లగొండ దిక్కు పల్లె నుంచి ఇద్దరమే వచ్చాం. నన్ను చేసుకున్నవాడు రెండేళ్లకే వేరే దారి చూసుకున్నాడు, ఆ కథ ఇక్కడ అక్కరలేదు. అమ్మ తెల్లవారకముందే లేచి, పొయ్యి వెలిగించే ముందు కాస్త తంబాకు దవడన పెట్టుకునేది. అది నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడేది కాదు, చేతితోనే చెప్పేది. ఉప్పు తగ్గితే బొటనవేలు ఊపేది, పప్పు మెత్తగా కావాలంటే పిడికిలి బిగించేది. నేను చపాతీలు ఒత్తి కాల్చేదాన్ని. పెనం మీద చపాతీని వేళ్లతోనే తిప్పడం వల్ల నా వేలికొసలు మొద్దుబారి, అరికాలి తోలులా ఉండేవి. హాస్టలు పిల్లలందరికీ ఉల్లిగడ్డ, నూనె, ఉడికిన గుడ్డు కలిసిన వాసన ఒకటి అంటుకుని ఉండేది. బట్టలు ఎన్నిసార్లు ఉతికినా అది మాకూ పోయేది కాదు. ఇప్పుడు నా చీరలకు సెంటు వాసన వస్తుంది. ఆ వాసన వచ్చినప్పుడల్లా నేను ఎవరి ఇంటికో వచ్చినట్టు ఉంటుంది.

ఆ సెల్లార్‌లోకి నేను పోవడానికి కారణం గుడ్ల అట్టలు. హాస్టలులో ఉండే కిరణ్ అనే అబ్బాయిది తెనాలి దగ్గర ఊరు. ఇంజినీరింగు చదువుతూ పాటలు కట్టేవాడు, గిటారు వాయించేవాడు. వాడూ, మరో ఇద్దరు స్నేహితులూ సెల్లార్‌లో ఒక గది కిరాయికి తీసుకుని బ్యాండు పెట్టారు. చప్పుడు బయటికి పోకుండా గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తారట. మెస్సులో అట్టలకు కొదవ లేదు. రోజూ గుడ్లు కొట్టాక మిగిలిన అట్టలు ఎండబెట్టి, సగం అమ్మ పాత ఇనుప సామాన్లవాడికి వేసేది, సగం నేను మోసుకుపోయి సెల్లార్‌లో ఇచ్చేదాన్ని. తర్వాత్తర్వాత వాళ్లు అంటిస్తుంటే జిగురు పూసి అందించేదాన్ని. నల్లా దగ్గర ఆడవాళ్లు ఊరుకుంటారా.

"సెల్లార్ల ఏం నడుస్తుందే సైదమ్మా, పోరగాళ్లతోని?"

"గుడ్ల అట్టలు అంటిస్తున్నం."

"ఇన్ని దినాలా? గోడలా, కోటనా?"

వాళ్లతో నేనూ నవ్వేదాన్ని. ఇంటికి పోయాక మాత్రం మొహం కాలేది. ముప్పై ఐదు దాటిన ఆడదాన్ని, మొగుడు వదిలేసినదాన్ని. అమ్మ మాత్రం తంబాకు ఉమ్మేసి వచ్చి, అట్టలు ఎన్ని మిగిలాయో చూసుకునేది.

బేస్ వాయించే అబ్బాయిది రాజమండ్రి. బందులు, రాస్తారోకోలు ఎక్కువైన రోజుల్లో వాళ్ల నాన్న భయపడి ఇంటికి పిలిపించుకున్నాడు. గిటారు మాత్రం గోడకు ఆనించి పోయాడు. హాస్టళ్లు సగం ఖాళీ అయ్యాయి, మెస్సులో వంట తగ్గింది, మధ్యాహ్నాలు నాకు పని లేకుండా పోయింది. ఒకరోజు గది ఊడ్చి, ఆ గిటారును తుడుస్తూ, లావు తీగను ఒకసారి మీటాను. ఆ చప్పుడు చెవికి కాదు, కడుపుకు వినపడింది. వెనక కిరణ్ నిలబడి ఉన్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"భయపడకండి అక్కా. పట్టుకుని చూడండి, పర్లేదు" అన్నాడు.

డ్రమ్ములు వాయించే యాదగిరి మా నల్లగొండవాడే. "ఎయ్ అక్కా, నేను కొడుత, నువ్వు నడుమల ఎయ్" అన్నాడు. వాడు కొట్టాడు. నేను వేశాను. మా ఊళ్లో ఒకే రోట్లో ఇద్దరాడవాళ్లం చెరొక రోకలితో కారం దంచేవాళ్లం. ఒకరి రోకలి లేచినప్పుడే ఇంకొకరిది పడాలి. తప్పితే రోకలికి రోకలి తగులుతుంది, లేదా చెయ్యి నలుగుతుంది. రోకలి వంక చూస్తూ దంచితే తప్పుతుంది, అందుకే చూసేవాళ్లం కాదు. నాకు తెలిసిన సంగీతం అంతే. యాదగిరి ఆపి, "దంచుతున్నవ్ కదా అక్కా" అని పడి పడి నవ్వాడు. కిరణ్ నవ్వలేదు. రేపు కూడా రమ్మన్నాడు.

వారం తిరగకముందే కిరణ్ ఒక కాగితం తెచ్చిచ్చాడు. ఏ పాటలో ఎక్కడ ఏ స్వరం పట్టాలో అందులో రాసి ఉంది. కాగితం చేతికిచ్చేవాళ్లను తప్పించుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. మెస్సులో అయితే "చేతులకు పిండి ఉన్నది, నువ్వే చదువు" అనేదాన్ని. సెల్లార్‌లో పిండి లేదు. "నాకు ఇంగ్లీషు రాదు తమ్మీ" అన్నాను. అది సిగ్గుపడే మాట కాదు, చాలామందికి రాదు. కిరణ్ ఒక్క క్షణం నొచ్చుకున్నాడు, తనదే తప్పన్నట్టు. ఆ సాయంత్రమంతా కూర్చుని, అన్ని పాటలూ ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో మళ్లీ రాసి, మర్నాడు రెండు చేతులతో ఇచ్చాడు. నేను కూడా రెండు చేతులతోనే తీసుకుని "సల్లగుండు" అన్నాను.

అప్పుడే చెప్పేసి ఉండవచ్చు. ఇంగ్లీషే కాదు, ఏదీ రాదని. నోటి దాకా వచ్చింది. కాని వాడు అంత శ్రద్ధగా రాసి తెచ్చాక, ఆ శ్రమంతా వృథా అని చెప్పడానికి మనసు రాలేదు. ఆ మర్నాడు చెబుదామంటే, నిన్ననే ఎందుకు చెప్పలేదని అడుగుతాడేమో అనిపించింది. ఇక ఆ తర్వాత ప్రతి పాటకూ ఒక కాగితం వచ్చేది. నేను దాన్ని ఎదురుగా పెట్టుకుని, పేజీ అయిపోయినట్టు నటిస్తూ తిప్పేదాన్ని. తలకిందులుగా పెట్టానేమో అని భయపడి, కిరణ్ సంతకం పెట్టే మూల ఎటుందో చూసుకునేదాన్ని. పాట మాత్రం వాళ్లు రెండుసార్లు వాయించగానే నాకు వచ్చేసేది. "సైదక్క ఎంత తొందరగా చదివేస్తుందో" అని కిరణ్ మెచ్చుకునేవాడు. ఎవరైనా మెచ్చుకుంటే అంత బాధ కలుగుతుందని అప్పుడే తెలిసింది నాకు. కొన్నాళ్లకు ఆ కాగితాలు ఆగిపోయాయి. కొత్త పాట వస్తే కిరణ్ నా సెల్‌ఫోనులో గొంతుతో పాడి పెట్టేవాడు. తీరిక లేక రాయడం మానేశాడనుకున్నాను, బతికిపోయాననుకున్నాను.

ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాలులో పుట్టినరోజుకు మొదటిసారి నలుగురి ముందు వాయించాం. చీర మీద గిటారు బెల్టు వేస్తే కుచ్చిళ్లు నలిగిపోయేవి. కొంగు తీగలకు తగలకుండా రెండు పిన్నులు పెట్టుకునేదాన్ని. అమ్మ వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. అయిపోయాక దగ్గరికి వచ్చి, చాలా బాధగా, "అందరియి వినపడ్తున్నయ్. నీదొక్కటే వినపడ్తలేదు. నిన్ను ఊకె నిలవెట్టిండ్రా ఏంది?" అన్నది.

యాదగిరి అందుకున్నాడు. "అవ్వా, అది వినపడేది కాదు. అది లేకుంటే తెలుస్తది."

"లేకుంటే తెలిసేదానికి గింతసేపు నిలవడుడెందుకు బిడ్డా? ఇంట్ల ఉంటే కాదా?"

ఆ మాటకు మేమందరం నవ్వాం, అమ్మ కూడా నవ్వింది. ఇప్పుడు పెద్ద హాళ్లలో, మనిషంత ఎత్తు స్పీకర్ల ముందు వాయిస్తున్నాను. నా తీగ చప్పుడుకు ముందు వరస కుర్చీలు అదురుతాయి. వినడానికి అమ్మ లేదు.

ఉద్యమం పెరిగేకొద్దీ కాలేజీ పండుగలు ఆగిపోయాయి, ఫంక్షన్ హాళ్లు మూతపడ్డాయి. మిగిలినవి ఉద్యమం స్టేజీలే. యాదగిరికి తెలిసిన మల్లేశన్న అని ఒకాయన ఎల్బీనగర్ దగ్గర దీక్షా శిబిరం నడిపేవాడు. సాయంత్రాలు లారీ వెనక డాలా విప్పి స్టేజీ చేసి పాటలు పెట్టించేవాడు. మమ్మల్ని కూడా రమ్మన్నాడు. కిరణ్ తటపటాయించాడు. "నేనొస్తే మీకు ఇబ్బందేమో. మీ ఇద్దరూ వెళ్లండి" అన్నాడు. మల్లేశన్న సెల్లార్‌కే వచ్చి, గుడ్ల అట్టల గోడను చేత్తో తడిమి చూసి, "మంచి గది తమ్మీ" అన్నాడు. తర్వాత, "నువ్వు రా. వాయించు. మైకుల మాత్రం మాట్లాడకు. మాట్లాడితే నీ యాస దొరుకుతది. నాకు కోపం లేదు, అందరూ నా లెక్క ఉండరు గదా" అన్నాడు. కిరణ్ సరేనన్నాడు. ఆ రెండు మూడు రోజులు మామూలుగా కూడా తక్కువే మాట్లాడాడు.

ఆ సాయంత్రం ఇంకా వెలుతురుండగానే లారీ చుట్టూ జనం నిండారు. ముందు వరసలో కుర్చీ వేసి ఒక పెద్దామెను కూర్చోబెట్టారు. ఆమెకు ఎవరో శాలువా కప్పారు, ఆమె దాన్ని ఏం చేయాలో తెలియక ఒళ్లో మడిచి పట్టుకుంది. మల్లేశన్న నాకు చూపించి, "ఎల్లమ్మ. సైదాబాద్‌ల ఉంటది. దవాఖానల ఆయా. కొడుకు మొన్న పానం తీసుకున్నడు, ఉద్యమం కోసమని" అన్నాడు. నేను ఆమెకు దండం పెట్టాను. ఆమె నా గిటారు వంక చూసింది. రెండు పాటలు బాగా జరిగాయి. మూడో పాటకు ముందు మల్లేశన్న మైకు అందుకుని, ఈ ప్రాంతంలో పోయిన బిడ్డలకు నివాళి అర్పిద్దాం, పేర్లు మన ఆడబిడ్డ సైదమ్మ చదువుతది, ఒక్కొక్క పేరుకు అందరం జోహార్ చెప్పాలె అన్నాడు. అని, నా చేతిలో ఒక కాగితం పెట్టాడు.

నా చేతులకు పిండి లేదు. నేను కాగితం వంక చూశాను. అడ్డంగా నల్లటి వరసలు, ఒక్కొక్క వరసకు ఒక్కొక్క పిల్లవాడు. జనం లేచి నిలబడ్డారు. ఎల్లమ్మ కూడా శాలువా పట్టుకుని లేచింది. ఆమె పెదవులు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి, పేరు రాగానే జోహార్ అనడానికి. ఆమె కొడుకు పేరు నాకు తెలియదు. మల్లేశన్న చెప్పలేదు, నేను అడగలేదు. మైకులో నా ఊపిరి వినపడుతోంది.

అప్పుడు కిరణ్ తన గిటారు పక్కన పెట్టి, నా వైరు సరిచేస్తున్నట్టు వచ్చి, నా పక్కన వంగాడు. మైకుకు అందనంత మెల్లగా, "అక్కా, నేను చెప్తాను. నా వెనకాల మీరు అనండి. ఎవరికీ తెలీదు" అన్నాడు.

వాడికి తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. కాగితాలు ఎందుకు ఆగిపోయాయో, నా ఫోనులో పాడి ఎందుకు పెట్టేవాడో ఆ ఒక్క క్షణంలో అర్థమైంది. నేను పేజీలు తిప్పుతుంటే వాడు ఏమనుకుని ఉంటాడో అర్థమైంది. నిజానికి వాడు చేస్తానన్నది ఎంత చిన్న పని. వాడు గొణిగితే నేను అనాలి, పాటల్ని అలాగే నేర్చుకున్నాను. ఆ గుంపులో తన గొంతు గుర్తుపడితే ఏమవుతుందో తెలిసీ వాడు వచ్చాడు. నేను వాడి వంక చూడకుండా, "వద్దు" అన్నాను. మైకు పట్టుకుని ఒక అడుగు పక్కకు జరిగాను.

అలా ఎందుకు చేశానని ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. నాకు చదువు రాదన్న సంగతి తెలిసిన మనిషి అంత దగ్గరగా నిలబడడం నేను ఓర్చుకోలేకపోయాను. ఆ పిల్లల పేర్ల కన్నా నా సిగ్గే నాకు పెద్దదైంది. కిరణ్ లేచి తన చోటికి పోయాడు. నా కళ్ల నుంచి నీళ్లు కారడం మొదలైంది, అవి సిగ్గు వల్ల వచ్చినవి. కింద ఎవరో ఆడమనిషి "అయ్యో బిడ్డా" అన్నది. ఇంకెవరో "జోహార్ అమరవీరులకు" అని అరిచారు. జనమంతా ఒక్క గొంతుతో జోహార్ అన్నారు. ఎవరి పేరూ లేకుండానే అన్నారు. యాదగిరి డ్రమ్ము మీద దెబ్బ వేశాడు. నేను కాగితం జాకెట్లో దోపుకుని వాయించాను. అంత బాగా ఎప్పుడూ వాయించలేదని తర్వాత అందరూ అన్నారు. కావచ్చు, నాకు గుర్తు లేదు. ఎవరో సెల్‌ఫోనులో తీశారు. అది టీవీలో వచ్చింది. ఆ తర్వాత నన్ను పిలవని జిల్లా లేదు. పాటలు రికార్డు చేసేవాళ్లు, పెద్ద సభలవాళ్లు, అందరూ ఆ ఏడుపు చూసి వచ్చినవాళ్లే. నాకు ఈ పేరంతా అక్కడి నుంచి వచ్చింది.

లారీ దిగగానే ఎల్లమ్మ వచ్చి నా మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఆ చేతులు ఫినాయిలు వాసన వేశాయి.

"నా కొడుకు పేరు నీ నోట్లకెల్లి రానే లేదు బిడ్డా. గంత దుక్కమైందా నీకు?"

నేను తల ఊపాను.

"నేను గూడ అనలేకపోతున్న. వాడు పోయిన కాడికెల్లి ఇంట్ల ఎవ్వలూ వాని పేరెత్తుత లేరు, నేను ఏడుస్తనని. ఇయ్యాల ఇందామని వచ్చిన" అన్నది. అని, నా కళ్లు తన కొంగుతో తుడిచింది.

ఆటోలో ఇంటికి వస్తుంటే స్పీకరు డబ్బా నాకూ కిరణ్‌కూ నడుమ ఉంది. వాడు హాస్టలు దగ్గర దిగి, "జాగ్రత్త అక్కా" అన్నాడు, రోజూ అన్నట్టే. అమ్మకు జరిగింది చెప్పాను. ఆమె తంబాకు ఉమ్మేసి వచ్చి, నెమ్మదిగా, "ఎవ్వలకు తెల్వలేదు గదా. ఇంక మంచిగనే అయింది" అన్నది. నన్ను బడికి పంపలేదన్న బాధ ఆమెకు లోపల ఉండేదని నాకు తెలుసు. చిన్నప్పుడు నా తర్వాత పుట్టినవాళ్లను ఎత్తుకోవడానికి నన్ను ఇంట్లో ఉంచింది ఆమే.

మర్నాడు పొద్దున చపాతీల పని అయ్యాక చేతులు కడుక్కుని సెల్లార్‌లోకి పోయాను. కిరణ్ ఒక్కడే కూర్చుని తీగలు మారుస్తున్నాడు. కాగితం తీసి వాడి ముందు పెట్టాను. చెమటకు మడతల దగ్గర అక్షరాలు కొంచెం అలుక్కుపోయాయి.

"చదువు తమ్మీ" అన్నాను.

వాడు చేతిలో ఉన్న తీగ కింద పెట్టాడు. మొదటి పేరు చదివాడు, నేను అన్నాను. రెండోది చదివాడు, మొదటిదీ రెండోదీ కలిపి అన్నాను. పాట నేర్చుకున్నట్టే చివరిదాకా నేర్చుకున్నాను. ఎల్లమ్మ కొడుకు పేరు ఏదో మాకు తెలియలేదు. కిరణ్, మల్లేశన్నకు ఫోను చేయమని యాదగిరికి చెప్పి, కనుక్కుని నాకు చెప్పాడు. మధుసూదన్. వరసలో నాలుగోవాడు.

ఆ రోజు బందు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. మూసారాంబాగ్ మీదుగా నడిచి, వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ సైదాబాద్‌లో ఎల్లమ్మ ఉండే గల్లీ పట్టుకున్నాను. దారి పొడుగునా పేర్లు మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఎల్లమ్మ గడప ముందు కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవబోయింది. నేనే ఆమె ముందు కింద కూర్చున్నాను.

"అమ్మా, నిన్న నేను నీ కొడుకు కోసం ఏడ్వలేదు. నాకు చదువు రాదు. కాయితం ఇస్తే చదవరాక నిలవడ్డ. తమ్ముడు చెవుల చెప్త, అనుమంటే గూడ అనలే, నామోషీ అయి" అన్నాను.

ఆమె చాటలో వేళ్లు ఆపింది. నా వంక చూసింది. కోపం వచ్చిందో లేదో ఆ మొహం చూస్తే తెలియలేదు.

"ఇప్పుడొస్తదా?" అన్నది.

"వస్తది."

"అను."

"మధుసూదన్" అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. లోపల నుంచి ఎవరో మొగమనిషి తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. కాసేపటికి ఆమె కళ్లు తెరిచి, "కాలేజీల గట్లనే పిలుస్తుండ్రి. మేమైతే మదూ అంటుంటిమి" అన్నది. తర్వాత, "తక్కినోళ్లయి గూడ తెలుసా? ఆ కాయితంల ఉన్నోళ్లయి?" అని అడిగింది.

తెలుసన్నాను.

ఎల్లమ్మ చాట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, కొంగు సర్దుకుని నిలబడింది. నేనూ లేచి నిలబడి, మొదటి పేరు నుంచి మొదలుపెట్టాను.